ఒక్క చప్పట్టులో మండపం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. బస్సు దిగి శిల్పుల షెడ్ల వైపు నడిస్తే ముందు పలకరించేది ఉలి చప్పుడే. టక్.. టక్.. టక్! ఆరుబయట కొట్టిన దెబ్బ అక్కడికక్కడే ఆగిపోతుంది. తిరిగి పంపడానికి గోడలు లేవుగా మరి! రాయి మండపమై నిలిస్తే మాత్రం కథ వేరు. అది వినడానికే ఈ ప్రయాణం.

అంతకుముందు మా ఊరి భజన బృందం పాటలను నంద్యాలలో ఓ చిన్న గదిలో రికార్డు చేశాం. గోడలకు దుప్పట్లు కట్టిన గది. గొంతులు శుభ్రంగా వచ్చాయి గానీ ఎండిపోయినట్టున్నాయి. కంప్యూటర్‌లో ‘హాల్’ అన్నది నొక్కగానే పాట చుట్టూ పెద్ద ఆవరణ పుట్టుకొచ్చింది. బృందంలోని పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

‘‘ఇది ఎవరి గుడో! మన రాతిగుడి గాదు నాయనా!’’

ఆ రాతిగుడి ఇప్పుడు లేదు. స్లాబు వేసి, టైల్స్ పరిచి కొత్తగా కట్టుకున్నాం. పాతది ఎలా మోగేదో ఎవరమూ పట్టి దాచలేదు.

ఇంతకీ లేని హాలు ఎలా మోగుతుంది? శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. గోడలకూ కప్పుకూ తగిలి, వేలసార్లు తిరిగొచ్చి, క్రమంగా సన్నగిల్లుతుంది. అదే ప్రతినాదం. స్టూడియో భాషలో రివర్బ్. 1961లో బెల్ ల్యాబ్స్‌లో మన్‌ఫ్రెడ్ ష్రోడర్, బెన్ లోగన్ దీన్ని లెక్కల్లోకి దించారు. శబ్దాన్ని సెకనులో కొన్ని వందోవంతులు ఆపి, కాస్త తగ్గించి, మళ్లీ అందులోనే కలపడం... ఇలాంటి ఆలస్యాలు కొన్నింటిని జతచేస్తే చాలు, చెవి గది ఉందని నమ్మేస్తుంది.

ఇంకో పద్ధతిలో నిజమైన చోటునే పట్టుకొస్తారు. అక్కడ ఓ బెలూన్ పగలగొట్టి, ఆ చోటు ఇచ్చే జవాబును రికార్డు చేస్తారు. పాటలోని ప్రతి చిన్న తునకకూ ఆ జవాబును కంప్యూటర్ జోడిస్తుంది. ఇస్తాంబుల్‌లోని హాగియా సోఫియాలో 2010లో ఇలాగే బెలూన్లు పగలగొట్టారు. ఆ ప్రతినాదంతో పాడిన ఆల్బమ్ 2019లో వచ్చింది.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం మరో పాతిక కిలోమీటర్లు. దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుణ్ని దర్శించుకున్నాక, జనం పలచబడేదాకా ఆగాను. గుళ్లో బెలూనెందుకని, ఫోన్ అరుగు మీద పెట్టి అరచేతులు ఒక్కసారి గట్టిగా చరిచాను. చప్పుడు కప్పుకు తగిలి, స్తంభాల మీద చిట్లి, బయటి ఎండలోకి జారిపోయింది. అంతా సెకనైనా లేదు!

ఆ చప్పట్టును జోడించిన పాటను పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు.

‘‘ఇది రాయే’’ అన్నాడు. కాసేపాగి, ‘‘మనది గాదనుకో...’’ అన్నాడు.

మీ ఊళ్లో పాత గుడో, మసీదో, చావిడో ఉంటే, పడగొట్టి కొత్తది కట్టేలోగా ఓసారి వెళ్లండి. మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టి, రికార్డు చేసి దాచుకోండి.