కొద్ది డబ్బు, కొన్ని యంత్రాలు

చెక్కపనికి యంత్రాలు కొనేటప్పుడు ధరకన్నా ముందు తేలాల్సింది పని. తలుపులు, కిటికీలు చేసేవారి అవసరం వేరు. ప్లైవుడ్‌తో అల్మారాలు చేసేవారి అవసరం వేరు. చేత్తో చేస్తే ఏ పని ఎక్కువ పొద్దు మింగుతుందో మొదటి యంత్రం దానికే కొనాలి.

చాలామందికి ఆ వరుసలో ముందుండేది డ్రిల్లు. 10 లేదా 13 మిల్లీమీటర్ల చక్ ఉన్నది బెజ్జాలకు సరిపోతుంది; వేగం తగ్గించే వీలుంటే స్క్రూలూ బిగిస్తుంది. తర్వాతిది గుండ్రటి బ్లేడు రంపం. 7 అంగుళాల బ్లేడు సుమారు 60 మిల్లీమీటర్ల లోతు కోస్తుంది. రాయి కోసే చిన్న కట్టరుకు చెక్క బ్లేడు బిగించడం చౌకగా తోచినా, దాని వేగం చాలా ఎక్కువ, బ్లేడుకు కాపు తక్కువ. ఆ పొదుపు వేళ్ల మీదికి వస్తుంది.

చిత్రిక, ఉలి పదునుగా ఉన్నంతకాలం ప్లేనరు, రౌటరు ఆగగలవు. కొట్లోనే పనిచేసేవారికి వైరుతో నడిచే యంత్రమే మేలు. బ్యాటరీ, ఛార్జరు ఖర్చు మిగులుతుంది. కార్బన్ బ్రష్‌లు, స్విచ్చి దగ్గర్లో దొరికే రకమైతే మరమ్మతు తేలిక. పాత యంత్రం కొనేముందు నడిపి చూడాలి: చక్ ఊగినా, బేరింగు గరగరలాడినా, కాలిన వాసన వచ్చినా వదిలేయాలి.

మొత్తం డబ్బు యంత్రానికే పోయకూడదు. మంచి బ్లేడు సాధారణ రంపంతోనూ శుభ్రంగా కోయిస్తుంది. కళ్లద్దాలు, దుమ్ము మాస్కు, చెవులకు రక్షణ కూడా ఆ లెక్కలో మొదటి నుంచే ఉండాలి.