ఆకాశం వినే పొలంలో నల్లమాడ పిల్లలు

నల్లమాడ మండలంలో ఫిజిక్స్ చెప్పే మా చిన్నాయన కొడుకు పదో తరగతి పిల్లల్ని గౌరిబిదనూరు రేడియో అబ్జర్వేటరీకి తీసుకుపోతూ, "అన్నా, నువ్వూ రా. చూసి నాలుగు మాటలు రాయి" అన్నాడు. పెనుకొండ, హిందూపురం దాటి కర్ణాటకలో అడుగుపెట్టాం. రాష్ట్రం మారింది గానీ మాట పెద్దగా మారలేదు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తెలుగు, కన్నడం ఒకే నోట ఆడతాయి.

లోపల ఒక ఇంజనీరు పిల్లలకు అన్నీ వరుసగా చెప్పాడు, ఓపిగ్గానే చెప్పాడు. నా చూపు మాత్రం బయట పొలంలో యాంటెన్నా కింద గొంతుక్కూచున్న ఒక పెద్దాయన చేతుల మీదే నిలిచిపోయింది. కేబుల్ పైతోలు చుట్టూ బ్లేడుతో గీస్తున్నాడు. కింద ఉన్న రాగి అల్లిక మీద గాటు పడకూడదు. తోలు ఊడదీసి, అల్లికను వేలికొసలతో విడదీసి వెనక్కి దువ్వాడు. నడిమి తీగను బయటికి లాగి, ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, తగరం చుక్క పెట్టాడు. మల్టీమీటరుతో చూసుకుని తల అడ్డంగా ఊపాడు. అంతా ఊడబెరికి మళ్ళీ మొదలుపెట్టాడు.

"బాగానే ఉంది కదన్నా?" అన్నాను.

"జాయింటు తుప్పు పట్టిందంటే అదే సొంతంగా కూత పెడతాది సామీ. పైనుంచి వచ్చిన దాంట్లో ఇది కూడా కలుస్తాది. లోపలుండే సార్లకు ఏది ఆకాశందో, ఏది తుప్పుదో తెలియాల కదా" అన్నాడు.

విశ్వశాస్త్రంలో కొలత అనేదానికి ఇంతకంటే మంచి పాఠం నేనెక్కడా వినలేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. తుప్పుపట్టిన అతుకు డయోడులా పనిచేసి, లేని సంకేతాలను పుట్టిస్తుంది. నల్లమాడ పిల్లలు ఆయన చుట్టూ మూగి, ఒక్కొక్కరూ ఆ తీగను పట్టుకుని చూశారు.

ఈ పొలానికి దాదాపు యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. భారత ఖగోళభౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి 1970లలో ఇక్కడ వెయ్యి డైపోల్‌లతో, 'టి' అక్షరం ఆకారంలో ఒక టెలిస్కోపు కట్టాయి. తూర్పు పడమరల చెయ్యి 1.4 కిలోమీటర్లు, దక్షిణానికి సాగిన చెయ్యి 450 మీటర్లు. 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశానికి పటం గీసింది ఇక్కడే. సూర్యుణ్ణి కనిపెట్టుకుని ఉండే యాంటెన్నాలు ఇప్పటికీ వరుసలు కట్టి నిలబడి ఉన్నాయి. తొలి నక్షత్రాల కాలపు రేడియో గుర్తును వెతికే 'సరస్' అనే పరికరం మొదటి రూపం కొలతలు తీసుకున్నదీ ఈ ఆవరణలోనే. ఆ సరస్ కథ చెబుతూ ఇంజనీరు, దాని రెండో రూపాన్ని చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ లోయలో పెట్టారని అన్నాడు. వెంటనే వెనకవరసలో ఒక పిల్ల గట్టిగానే అంది: "మా అవ్వోళ్ళది సీకేపల్లి సార్! సెలవులకు ఆడికే పోతాం. మాకెవరూ చెప్పలేదే!"

ఎవరూ బదులు చెప్పలేదు. ఆ ఫిర్యాదుకు బదులు చెప్పాల్సింది ఆ ఇంజనీరు కాదు, మనం.

జరిగిందేమిటో ఆ పిల్ల కోసమే రాస్తున్నాను. విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్ళు. మొదటి నక్షత్రాలు వెలగకముందు అంతటా ఉన్నది ఎక్కువగా హైడ్రోజన్ వాయువే. హైడ్రోజన్‌కు 1420 మెగాహెర్ట్జ్ దగ్గర తనదైన ఒక రేడియో గుర్తు ఉంది. విశ్వం సాగుతూ వచ్చింది కాబట్టి ఆనాటి గుర్తు మన దగ్గరికి చేరేసరికి 200 మెగాహెర్ట్జ్‌కు కిందికి దిగిపోయింది. దాన్ని పట్టుకుంటే తొలి నక్షత్రాలు ఎప్పుడు వెలిగాయో, చుట్టూ ఉన్న వాయువును ఎలా వేడెక్కించాయో తెలుస్తుంది. అయితే మన పాలపుంత చేసే రేడియో గోల దానికంటే వేల రెట్లు ఎక్కువ. కదిరి తేరునాడు ఆ జనం నడుమ ఒక చంటిపిల్ల కాలిగజ్జెను వినడం లాంటి పని ఇది. పైగా ఎఫ్.ఎం. స్టేషన్లు వాడే 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ సరిగ్గా ఆ దారిలోనే ఉన్నాయి.

అందుకే సరస్ పరిశోధకులకు కొండల చాటు కావలసివచ్చింది. బెంగళూరు నుంచి మరీ దూరం కాకుండా, ఎఫ్.ఎం. కూతలు బాగా తగ్గిపోయే చోటు చెన్నేకొత్తపల్లి కొండల్లో దొరికింది. 1990 నుంచి బీడు భూముల్ని పచ్చగా చేస్తున్న టింబక్టు కలెక్టివ్ సంస్థ ఆవరణ అది. రాత్రిళ్ళు అక్కడ తీసుకున్న కొలతల తొలి ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. తొలి నక్షత్రాలు వాయువును సరిగా వేడెక్కించలేదనీ, ఆ తర్వాత అయనీకరణం మాత్రం చకచకా జరిగిపోయిందనీ చెప్పే నమూనాలు కొన్నింటిని ఆ కొలతలు పక్కకు తోసేశాయి. కరువు సీమ అని పేరుపడ్డ మన నేల, తొలి నక్షత్రాల గురించిన వాదంలో సాక్ష్యం చెప్పింది. ఇంత పెద్ద మాట మన పత్రికల జిల్లా పేజీల్లో పతాక శీర్షిక కావలసింది.

మరుసటి ఏడాది, 2018లో, ఆస్ట్రేలియా ఎడారిలో పెట్టిన 'ఎడ్జెస్' అనే అమెరికన్ పరికరం 78 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ సంకేతం దొరికిందని ప్రకటించింది. కొలతల గీతలో పల్లంలా కనబడ్డ ఆ సంకేతం అనుకున్నదానికంటే చాలా లోతుగా ఉంది. కృష్ణపదార్థమే హైడ్రోజన్‌ను చల్లబరిచి ఉంటుందన్న వాదనలతో గురుత్వం, విశ్వశాస్త్రం సదస్సులు హోరెత్తాయి. సరస్ మూడో రూపం దానికి జవాబు చెప్పింది. నేల పొరల నుంచి వచ్చే చిక్కును తప్పించుకోవడానికి 2020 మొదట్లో దాన్ని కర్ణాటకలో దండిగానహళ్ళి చెరువులోనూ, శరావతి నీళ్ళలోనూ తెప్ప మీద తేలించారు. 2022లో 'నేచర్ ఆస్ట్రానమీ'లో వచ్చిన ఫలితం, ఎడ్జెస్ చూసిన ఆకారం ఆకాశానిది కాదని 95 శాతం పైచిలుకు నిశ్చయంతో తోసిపుచ్చింది. ఏది ఆకాశందో, ఏది తుప్పుదో తెలియాలన్న పెద్దాయన మాట ప్రపంచస్థాయిలో నిలబడింది. అలాంటి చేతుల వాళ్ళకు ఆ పేపర్లలో దక్కేది చివర్లో సిబ్బందికి చెప్పే ఒక్క వాక్యం కృతజ్ఞత. అది చాలదని నా ఉద్దేశం.

మన కొండల చాటున దొరికిన ఈ రేడియో నిశ్శబ్దం మనకు కలకాలం ఉండేది కాదు. సెల్ టవర్లు, చవక ఎల్.ఇ.డి. బల్బులు, సోలార్ ఇన్వర్టర్లు, అన్నీ ఆకాశంలోకి కూతలు వేసేవే. వాటిని వద్దనడానికి నాకు నోరు రాదు. కరెంటు కోసం, సిగ్నల్ కోసం మనం పడ్డ పాట్లు నాకు తెలుసు. కానీ నీళ్ళకు, అడవికి లెక్క కట్టినట్టు ఈ నిశ్శబ్దానికి కూడా ఒక లెక్క ఉండాలి. మన దగ్గర ఏముందో మనకే తెలియకపోతే, పోయిన సంగతి కూడా తెలియదు.

మన దేశంలో ఇలాంటి సంగతులు చర్చించే గురుత్వం, విశ్వశాస్త్రాల అంతర్జాతీయ సదస్సు 1987లో గోవాలో మొదలైంది. అహ్మదాబాదు, పుణె, ఖరగ్‌పూర్, కొచ్చి, మొహాలీ తిరిగి 2023లో గువాహతి చేరింది. తెలుగునేల మీదికి రాలేదు. అలాంటి సదస్సుకు కావలసిన పంచతారల హోటళ్ళు లేవని నల్లమాడను ఎవరూ తప్పుపట్టరు. సదస్సు ముగిశాక ఒక్కపూట పల్లెబడికి వచ్చి మాట్లాడవచ్చు కదా అన్నదే నా ప్రశ్న.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. సి.వి. విశ్వేశ్వర ఉదాహరణ మన కళ్ళముందే ఉంది. కృష్ణబిలాన్ని కదిలిస్తే గురుత్వ తరంగాలు ఎలా మోగి సద్దుమణుగుతాయో ఆయన 1970లోనే లెక్కగట్టి చూపించారు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలో గురుత్వ తరంగాల కోసం కాపుకాసే లైగోకు తొలిసారి తరంగం దొరికినప్పుడు, దాని తోకలో వెతికింది ఆ మోతనే. ఈ గౌరిబిదనూరు పొలాన్ని నడిపే రెండు సంస్థల్లోనూ ఆయన పనిచేశారు. అదే మనిషి బెంగళూరు నెహ్రూ ప్లానెటేరియానికి తొలి డైరెక్టరై, పిల్లలకు ఆకాశాన్ని చూపించడం కూడా పరిశోధనంత బరువైన పనిగానే చేశారు. 2017లో పోయారు. అక్కడ పిల్లలు కన్నడంలో నక్షత్రాల సంగతి విన్నారు. సరిహద్దుకు ఇవతల పిల్లలు తెలుగులో ఎందుకు వినకూడదు?

ఇప్పుడు మహారాష్ట్రలో హింగోలి జిల్లా ఔంఢా దగ్గర నాలుగేసి కిలోమీటర్ల చేతులతో లైగో-ఇండియా రాబోతోంది. 2023లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్లు మంజూరు చేసింది. దానికి భౌతికశాస్త్రవేత్తలు ఎంత అవసరమో, అతుకు సరిలేదని ఊడబెరికి మళ్ళీ మొదలుపెట్టే మనుషులూ అంతే అవసరం. ఐ.టి.ఐ. చదివే మన పిల్లల్లో అలాంటివాళ్ళు ఉన్నారు. ఆ దారి ఒకటుందని వాళ్ళకు చెప్పేవాళ్ళే లేరు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, కదిరి వైపు ఉపాధ్యాయులకు నా విన్నపం: ముందుగా అనుమతి అడిగి మీ పిల్లల్ని గౌరిబిదనూరు తీసుకుపోండి. పరిశోధకులకు ఇంకో విన్నపం: టింబక్టు లోయలో మీరు విన్నదేమిటో ఒక్కసారి చెన్నేకొత్తపల్లికి వచ్చి తెలుగులో చెప్పండి. చెప్పడానికి భాష చాలదనుకుంటే పిలవండి, పక్కన నిలబడి తెలుగు చేసి చెప్పడానికి మా తమ్ముడు ఉన్నాడు, నేనూ వస్తాను.