మోసే బలము, లాగే బలము

మన్యం బిడ్డలకు బలము గురించి ఒకరు చెప్పవలసిన పని లేదని పల్లపు ఊళ్ళవారు అంటూ ఉంటారు. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఉన్న మా అరకులోయలోను, ఇంకా లోపలి గూడేల్లోను కొండ ఎక్కి దిగడము నడక వచ్చిన నాటి నుంచి ఉన్నదే. మగవారు కావడి భుజాన వేసుకుని సంతకు వెళతారు. తల్లులు కట్టెలమోపుతో వాలు దిగి వస్తారు. రోడ్డు లేని గూడెములో ఎవరికి ప్రసవవేదన వచ్చినా, డోలీ కట్టి అంబులెన్సు ఆగే చోటి వరకు మోసుకువచ్చేది మన యౌవనస్థులే.

అలా ఎన్నోసార్లు డోలీ మోసిన మా అన్నగారి కుమారుడు సైనిక భర్తీ ర్యాలీకి వెళ్ళి, పరుగు సునాయాసముగా ముగించి, బీమ్ దగ్గర నాలుగుతో ఆగిపోయి ఇంటికి వచ్చాడు. "ఇంత బరువు మోసే భుజాలు అక్కడ ఏమైపోయాయి బాబూ?" అని మా వదినగారు నన్నడిగారు.

బీమ్ అంటే కుర్రవాళ్ళు చెప్పే పుల్‌అప్స్. తలకు పైన ఉన్న కడ్డీని అరచేతులు ముందుకు ఉండేలా పట్టుకుని, చేతులు పూర్తిగా చాచి వేలాడి, గడ్డము కడ్డీ దాటేదాకా దేహాన్ని లాక్కోవాలి. కాళ్ళు ఊపకూడదు. పది తీస్తే 40 మార్కులు. తొమ్మిదికి 33, ఎనిమిదికి 27, ఏడుకు 21, ఆరుకు 16. ఆరు కూడా తీయలేకపోతే, 1.6 కిలోమీటర్ల పరుగులో ఎంత ముందు వచ్చినా ఇక ఇంటిదారే. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ ప్రకారము ఈ కొలువు నాలుగేళ్ళది. ఆ తరువాత నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. ఈ సంగతి తెలిసిన తరువాత కూడా మావాడు వెళతాననే అన్నాడు. వయసు లెక్కలో వాడికి మిగిలినది ఒక్క అవకాశము.

మా వదినగారి ప్రశ్నకు జవాబు శరీర నిర్మాణములోనే ఉన్నది. బరువు మోసేటప్పుడు భారమంతా వెన్నెముక మీదుగా కాళ్ళలోకి దిగుతుంది. వీపు కండరాలు కదలకుండా బిగబట్టి నిలబెడతాయి, అంతే. పుల్‌అప్‌లో పని వేరు. చంక కింద నుంచి డొక్కల పక్కగా నడుము దాకా పరుచుకున్న పెద్ద కండరము ఒకటున్నది. పైకెత్తిన చేతిని కిందికి లాగేది ముఖ్యముగా అదే. దానికి తోడు వీపు మీది రెండు రెక్క ఎముకలను దగ్గరకు, కిందికి దించే కండరాలు ఉన్నాయి. మోత పనిలో వీటికి లాగడము అలవాటు కాదు. రెక్కాడితే గాని డొక్కాడదనే మనవారిలో ఈ రెక్కలు బాగా ఆడేది చెట్లెక్కేవారికే. కల్లు మాట మనకు వద్దు గాని, జీలుగు చెట్టెక్కేవాని వీపు ఒకసారి చూడండి!

బీమ్ కోసము మొదట మావాడు సిల్వర్ ఓక్ కొమ్మ చూపించాడు. వద్దన్నాను. కాఫీకి నీడనిచ్చే ఆ చెట్టు కొమ్మలు పెళుసు, మనిషి బరువుకు విరుగుతాయి. రెండు గట్టి గుంజలు పాతి, పాత బోరు పైపు ముక్క బిగించాము.

నాలుగు తీసేవాడు రోజూ ఆ నాలుగే గింజుకుంటే ఐదవది త్వరగా రాదు. అందుచేత ముందు ఊరక వేలాడడము, అర నిమిషము వరకు. తరువాత మోచేతులు వంచకుండా రెక్క ఎముకలను మాత్రము కిందికి దించడము. చూసేవారికి ఇది పనిలాగే కనబడదు, మా అన్నగారైతే నవ్వారు. పైకి లాగడము అక్కడ మొదలవుతుందని చాలామంది కుర్రవాళ్ళకు ఎవరూ చెప్పరు, చేతులతోనే కుస్తీ పడతారు. ఆ తరువాత స్టూలు ఎక్కి గడ్డము పైపుకు పైన ఉంచి, కాళ్ళు వదిలి, ఐదు లెక్కపెడుతూ మెల్లగా దిగడము. ఎక్కలేనివాడు కూడా దిగగలడు. అలా దిగడములోనే ఎక్కే బలము వస్తుంది. ఒక దఫాకు నాలుగైదుసార్లు, అలాంటి దఫాలు మూడు. ఏదీ రాని పిల్లవాడు కూడా ఇక్కడ నుంచే మొదలుపెట్టవచ్చును. భుజములోగాని మోచేతిలోగాని పోటు పుడితే మాత్రము ఆ రోజుకు ఆపేయాలి.

వారానికి మూడు రోజులు చాలు. ఈ మాట మావాడికి నచ్చలేదు. కండరము పని చేసేటప్పుడు అలసిపోతుంది, పెరిగేది విశ్రాంతిలో, తిండితో. ఆదివారము ఆరాధనకు వెళ్ళే బిడ్డలకు ఒకరోజు విశ్రాంతి కొత్త సంగతేమీ కాదు గదా! తిండి విషయములో డబ్బాల పొడులు కొననివ్వలేదు. చోడి అంబలి, మన చేలో పండే రాజ్‌మా, గుడ్లు, దొరికినప్పుడు చేపలు. పొట్ట పెరిగితే ఆ బరువు కూడా తనే లాక్కోవాలి కనుక పకోడీ బండి వైపు వెళ్ళడము తనంతట తానే మానుకున్నాడు.

ర్యాలీ ఇంకా రాలేదు. మూడు నెలల తరువాత ఇప్పుడు ఏడు తీస్తున్నాడు, అంటే 21 మార్కులు. నిన్న సాయంత్రము ఎనిమిదవదానికి గడ్డము పైపుకు రెండు వేళ్ళ దూరములో ఆగింది. వదినగారు పొయ్యి దగ్గర నుంచి పైకి లెక్కపెడుతున్నారు, ఏడు దగ్గర ఆపి ఊరుకున్నారు. వాడు మెల్లగా, ఐదు లెక్కపెట్టుకుంటూనే దిగి, అరచేతులు దులుపుకుని, పశువులను తోలుకురావడానికి వెళ్ళాడు.