కోడంబాక్కం బడిలో ఒక మధ్యాహ్నం

పెరంబూరు నుంచి సెంట్రల్, అక్కడ రోడ్డు దాటి పార్కు స్టేషన్‌లో తాంబరం బండి ఎక్కితే నాలుగో స్టేషన్ కోడంబాక్కం. అందరూ స్టూడియోలు చూడ్డానికి వెళ్తారు. నేను వెళ్ళింది మా మేనకోడలు మరిచిపోయిన క్యారేజీ ఇవ్వడానికి, సిస్టర్ల ప్రైమరీ బడికి.

గంట కొట్టారు. పిల్లలు వరండాలో వరసగా కూర్చున్నారు. కొందరు సిలువ గుర్తు వేసుకున్నారు, మా పిల్ల చేతులు జోడించింది. పక్కవాడు డబ్బా తేలేదు. ఎవరూ చెప్పకుండానే మా పిల్ల మూతలో సగం అన్నం పెట్టి వాడి ముందుకి తోసింది.

"వాడు నాకు తమిళం దిద్దిస్తాడు మామయ్యా!"

1920లో త్యాగరాయ చెట్టిగారి హయాంలో థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకి మధ్యాహ్న తిండి మొదలైంది. ఆకలితో చదువు ఎక్కదని ఆనాడే తెలుసు.

మిల్లు మూతపడ్డ రోజుల్లో నేనూ డబ్బా లేకుండానే బడికెళ్ళా. నాకూ ఎవరో మూతలో పెట్టారు.