కొన్నవాడే కౌలుదారు

2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్లు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ మొదలైన ఆందోళన ఇళ్ళు తగలబెట్టేదాకా వెళ్ళింది. వెంటనే ఇంటర్నెట్ నిలిపివేశారు. రోజుల తరబడి అది తిరిగి రాలేదు. ఇంటినుంచే పని చేసుకునే సాఫ్టువేరు ఉద్యోగులు లాప్‌టాప్‌లు చంకన పెట్టుకొని, సిగ్నలు అందే చోటు వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకు పోయినారు. ఇన్ని పెద్ద బాధల మధ్య ఒక చిన్న బాధ మా ఇంట్లోనే నా కంటబడింది. చిన్నదే గాని, దాని వేరు ఎంత దూరం పోయిందో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మా మేనల్లుడు వేసవి సెలవులకు మా ఊరు వచ్చి ఉన్నాడు. ఏడాదిపాటు పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఒక కంప్యూటర్ ఆట కొనుక్కున్నాడు. ఆ ఆట పేరూ, అమ్మిన కంపెనీ పేరూ ఇక్కడ అనవసరం. ఆ సాయంత్రం అతను కంప్యూటరు ముందు చేతులు కట్టుకొని కూచున్నాడు. సర్వరుతో సంబంధం లేదు కాబట్టి తరువాత ప్రయత్నించమని తెరమీద రాసి ఉన్నది.

“ఎవరితో ఆడుతున్నావురా?” అన్నాను.

“ఎవరితోనూ కాదు మావయ్యా. ఒక్కణ్ణే ఆడుకునే ఆట.”

“ఒక్కడివి ఆడుకునేదానికి వాళ్ళతో పనేమిటి?”

“నేను దొంగను కానని వాళ్ళకు చెప్పుకుంటూ ఉండాలి. చెప్పుకోవడానికి ఇప్పుడు దారి లేదు.”

విచిత్రమేమంటే, వీధి చివర ఉండే అతని స్నేహితుడి దగ్గర అదే ఆటకు తాళం పగలగొట్టిన దొంగ కాపీ ఉన్నది. అది ఏ సర్వరునూ అడగదు. డబ్బు కట్టినవాడు రోజూ సాయంత్రం డబ్బు కట్టనివాడి ఇంటికి పోయి, వెనక నిలబడి ఆట చూసి వచ్చేవాడు. వాడు నవ్వుతూనే పోయేవాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

వీడియో ఆట విమర్శకు తగిన వస్తువా అని మిత్రులు కొందరు అడగవచ్చు. ఒకప్పుడు బుర్రకథను గురించీ ఇలాగే అడిగారు. ప్రజానాట్యమండలి దానిని చేతపట్టిన తరువాత ఆ ప్రశ్న సద్దుమణిగింది. కథా, చిత్రలేఖనం, సంగీతం, గణితం కలిసి, వందలాదిమంది ఏళ్ళతరబడి చేసిన శ్రమనుంచి పుట్టే వస్తువు పెద్ద ఆట. దాని రసవిచారం మరొకసారి చేయవచ్చు. నాకిప్పుడు కావలసినది, దానిని కొన్నవాడికి నిజానికి దక్కేదేమిటన్న ప్రశ్న.

ముందు ఈ తాళం పనిచేసే తీరు చెప్పాలి. ఆట తెరవగానే ప్రోగ్రాము కంపెనీవారి సర్వరును పిలుస్తుంది. కొనుగోలుదారు ఖాతా సరైనదేనని సర్వరు ఒప్పుకుంటేనే ఆట మొదలవుతుంది. కొన్ని ఆటలలో ఈ తనిఖీ అంతటితో ఆగక, ఆడినంతసేపూ సాగుతూ ఉంటుంది. మరికొన్నింటిలో ఆటలోని భాగాలే సర్వరులో దాచి ఉంచుతారు. మొత్తంమీద ఇల్లు మనది, తాళంచెవి అమ్మినవాడిది.

2010 మార్చిలో యూబీసాఫ్ట్ కంపెనీ ‘అసాసిన్స్ క్రీడ్ 2’ అనే ఆటను కంప్యూటర్లకు ఈ పద్ధతిలోనే విడుదల చేసింది. మధ్యలో నెట్ పోతే ఆట ఆగిపోయేది. కొద్ది రోజులకే కంపెనీ సర్వర్లు దాడికి లోనై కుంటుపడగా, కొన్నవారిలో అనేకులు బయటే నిలబడవలసి వచ్చింది. దొంగను ఆపడానికి కట్టిన గోడ యజమానికే అడ్డం వచ్చిందన్నమాట. తరువాతి సంవత్సరాలలో ఆ కంపెనీయే ఈ పద్ధతిని కొంత సడలించుకున్నది.

2013 మార్చిలో వచ్చిన ‘సిమ్‌సిటీ’ కథ ఇంకా బోధకరం. అది నగర నిర్మాణపు ఆట. మొదటి రోజులలో సర్వర్లు జనాన్ని తట్టుకోలేకపోయినవి. అమ్మిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారు నష్టపరిహారంగా మరో ఆటను ఉచితంగా ఇవ్వవలసి వచ్చింది. నగరపు లెక్కలలో చాలాభాగం సర్వరులోనే జరుగుతున్నది కాబట్టి నెట్ తప్పదని తయారుచేసినవారు వాదించారు. కాని ఆటగాళ్ళే కొందరు పరీక్షించి, తీగ పీకేసిన తరువాత కూడా కొంతసేపు నగరం నడుస్తూనే ఉన్నదని చూపించారు. ఏడాది తిరిగి 2014 మార్చి వచ్చేసరికి నెట్ లేకుండా ఆడే ఏర్పాటు కంపెనీయే ఇచ్చింది. తప్పదన్నది తప్పింది! అవసరం ఆటది కాదు, యాజమాన్యానిదని అప్పుడు తేలిపోయింది.

ఇవన్నీ సర్వరు చెడిపోయినప్పటి ఇబ్బందులు. సర్వరునే మూసివేస్తే? 2014 డిసెంబరులో యూబీసాఫ్ట్ వారు ‘ది క్రూ’ అనే కార్ల ఆటను అమ్మారు. అమెరికా దేశాన్ని కుదించి గీసిన పటంమీద ఈ తీరంనుంచి ఆ తీరందాకా కారు తోలుకుపోవచ్చు. అందులో ఒంటరిగా ఆడుకునే కథ కూడా ఉన్నది. 2023 డిసెంబరులో అమ్మకం ఆపారు. 2024 మార్చి 31న సర్వర్లు మూసివేశారు. ఆనాటితో, డబ్బిచ్చి కొన్న డిస్కు చేతిలో ఉన్నవాడికి కూడా ఆట లేదు. కాలిఫోర్నియాలో కొందరు దావా వేస్తే, కొన్నవారికి సంక్రమించినది లైసెన్సే గాని యాజమాన్య హక్కు కాదని కంపెనీ వాదించింది.

ఈ మాట చదివినప్పుడు నాకు మా కోనసీమ కౌలురైతు జ్ఞాపకం వచ్చాడు. నోటిమాటమీద చేను తీసుకుంటాడు, కాగితం ఉండదు. భూస్వామి వద్దన్ననాడు గట్టు దిగాలి. అయినా అతను కట్టేది కౌలే. భూమి ధర కాదు. తాను కౌలుదారునని అతనికి తెలుసు. ఇక్కడ పూర్తి ధర వసూలు చేసి, ‘కొనండి’ అని బొత్తాంమీద రాసి, చివరికి చేతిలో పెట్టేది గడువు చెప్పని కౌలు. ఈ మోసం ఎంత స్పష్టమైనదంటే, పెట్టుబడికి పుట్టినిల్లయిన కాలిఫోర్నియాలోనే 2024లో చట్టం చేశారు: లైసెన్సు మాత్రమే ఇస్తూ, ఆ సంగతి స్పష్టంగా తెలియజెప్పకుండా ‘కొనండి’ అనే మాట వాడరాదని. 2025 జనవరినుంచి అది అమలులో ఉన్నది. అయితే ఆ చట్టం మాటను సరిదిద్దుతుంది గాని వస్తువును కాపాడదు.

ఎదుటివారి వాదంలో బలం లేదనను. దొంగ కాపీలవల్ల చిత్రకారులకూ ప్రోగ్రామర్లకూ దక్కవలసిన కూలి పోతుందన్నది కొట్టివేయదగిన మాట కాదు. శ్రమకు విలువ కోరే మనం తేలికగా అసలు కొట్టివేయరాదు. వేలమంది ఒకచోట చేరి ఆడే ఆటకు సర్వరు కావాలి, దానికి ఖర్చూ అవుతుంది. కాని తాళం లేకపోతే సరుకు అమ్ముడుపోదన్నది మాత్రం నిజం కాదు. 2008లో మొదలైన జి.ఓ.జి. అనే అంగడి ఏ తాళమూ లేని ఆటలనే అమ్ముతున్నది. 2015లో ‘ది విచర్ 3’ విడుదలైన రోజునే ఆ అంగడిలో తాళం లేకుండా దొరికింది; 2023 నాటికి అన్నిచోట్లా కలిపి ఆ ఆట 5 కోట్లకు మించి అమ్ముడుపోయింది. నమ్మితే జనం మొత్తంగా దోచుకుంటారనే భయం జనాన్ని ఎరగనివాడి భయం.

ఆటగాళ్ళూ ఊరుకోలేదు. ‘ది క్రూ’ మూతపడిన తరువాత 2024లో ఐరోపాలో ఒక ఉద్యమం లేచింది. 2025 జూలై ముగిసేలోగా పౌరుల అభ్యర్థనమీద 10 లక్షలకు పైగా సంతకాలు చేరినవి. వారు అడుగుతున్నది విప్లవమేమీ కాదు: సర్వర్లను శాశ్వతంగా నడపమనడం లేదు, మూసివేసేనాడు ఆటను ఆడుకోదగిన స్థితిలో వదిలిపొమ్మంటున్నారు. పోయేవాడు తాళంచెవి ఇచ్చి పొమ్మనడం అన్యాయమా?

రచయితలు దీనిని కుర్రకారు గొడవగా కొట్టిపారేయరాదు. 2009 జూలైలో అమెజాన్ తన పాఠకుల కిండిల్ యంత్రాలనుంచి ఆర్వెల్ రాసిన ‘1984’ ప్రతులను, వారు నిద్ర లేచేసరికి తొలగించింది. ప్రచురణ హక్కు లేనివాడు ఆ ప్రతులు అమ్మాడట. డబ్బు తిరిగి ఇచ్చారు నిజమే. కాని బజారులో కొన్న పుస్తకం విషయంలో ఏ వర్తకుడైనా రాత్రి మన ఇంట్లోకి వచ్చి అలమర తెరవగలడా? ఈనాడు ఆటకు వేసిన తాళం రేపు పుస్తకానికీ, పాటకూ పడుతుంది. ఇప్పటికే కొంత పడింది. మా ఇంట్లో మా నాన్న కొన్న పుస్తకాలున్నాయి. అచ్చువేసిన సంస్థలలో కొన్ని ఎప్పుడో మూతపడినవి. పుస్తకం మాత్రం తెరిస్తే తెరుచుకుంటుంది. ఒక తరం ఆనందించిన కళ మరొక తరానికి అందే దారి అదే. ఆ దారికి కాపలావాణ్ణి పెట్టే అధికారం అమ్మకందారుకు ఎవరిచ్చారు?

కోనసీమకు నెట్ తిరిగి వచ్చిన రోజున మా మేనల్లుడు ఆట తెరిచాడు. తెరుచుకున్నది. “హమ్మయ్య, ఇచ్చారు మావయ్యా!” అన్నాడు. తన డబ్బుతో తాను కొన్న వస్తువును ఎవరో ఇచ్చారని వాడు సంతోషించడం నన్ను బాధపెట్టింది. సర్వరు ఆగిన రోజులకంటే ఆ మాటే నాకు ఎక్కువ గుర్తున్నది. కౌలుదారుకు తన కౌలు సంగతి తెలుసునన్నాను. మా వాడికి అదికూడా తెలియదు. తెలియజెప్పడం మన పని.