శిబిరం ముగిశాక ఊరికి ఎవరు వెళ్తారు?

తిరుపతి నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ ఎక్కినా, విశాఖపట్నంలో కోర్బా బండి ఎక్కినా, విజయనగరం దాటాక దారి ఒకటే. పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, రాయ్‌పూర్, ఆపైన బిలాస్‌పూర్. విజయనగరం నుంచి రాయ్‌పూర్ దాకా ఈ లైను 1931లో పూర్తయింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పని దొరుకుతుందని ఉత్తరాంధ్ర పల్లెల నుంచి బయల్దేరిన వాళ్ళకు ఇంటికీ కొలువుకూ మధ్య దారి అదే అయింది. ఆ వలస ఆనవాళ్ళు ఇప్పటికీ చెదరలేదు. బిలాస్‌పూర్ స్టేషను చుట్టూ ఉన్న రైల్వే క్వార్టర్లలో, బుధవారీ బజారు బేరాల మధ్య తెలుగు వినిపిస్తుంది. 2003 నుంచి సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి ఈ ఊరే ముఖ్య కేంద్రం. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కూడా ఇక్కడే. బొగ్గు వ్యాగన్లు రాత్రింబవళ్ళు కదిలే ఈ ఊరికి నేను వెళ్ళింది మాత్రం రైళ్ళ కోసం కాదు. ఒక విశ్వవిద్యాలయం తన ప్రహరీ అవతలి జనంతో పెట్టుకునే సంబంధాన్ని అది ఉన్నచోటే చూడాలని, ఆ సంబంధాన్ని మనం ఎలా కొలుస్తున్నామో తేల్చుకోవాలని వెళ్ళాను.

అర్పా నది దాటి రతన్‌పూర్ రోడ్డు పట్టుకుంటే కోనీ వస్తుంది. గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం అక్కడే. 1983లో రాష్ట్ర విశ్వవిద్యాలయంగా మొదలై 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. దానికి పేరిచ్చిన గురువు 1756లో గిరౌద్‌పురిలో పుట్టారు. మనుషులంతా సమానమని చెప్పి, ఊరు వెలివేసిన జనాన్ని సత్నామీలుగా తలెత్తి నిలబెట్టారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఎక్కడ తెల్లటి జైత్‌ఖామ్ స్తంభం కనబడినా అది ఆయన బోధకు గుర్తే. అలాంటి పేరు మోస్తున్న సంస్థకు పల్లెలతో సంబంధం అదనపు పని కాదు, పుట్టుకతో వచ్చిన బాధ్యత. అందుకు కావలసిన చదువులన్నీ ఆ ఆవరణలోనే ఉన్నాయి: అటవీశాస్త్రం, ఫార్మసీ, గ్రామీణ సాంకేతికత, సోషల్ వర్క్, మానవశాస్త్రం, గిరిజనాభివృద్ధి. విద్యార్థులకు పది రూపాయలకే భోజనం పెట్టే ‘స్వాభిమాన్ థాలీ’, చదువుకుంటూనే వస్తువులు తయారుచేసి అమ్మేలా ప్రోత్సహించే ‘స్వావలంబీ ఛత్తీస్‌గఢ్’ ఈ విశ్వవిద్యాలయం చెప్పుకోదగ్గ పనులు. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) విద్యార్థులు ఊళ్ళకు వెళ్తారు. కోటా దాటితే అచానక్‌మార్ అడవి, అందులో బైగాల, గోండుల పల్లెలు. చదువుకూ అవసరానికీ మధ్య దూరం ఇంత తక్కువగా ఉండే చోట్లు దేశంలో ఎక్కువ లేవు.

అయితే విశ్వవిద్యాలయాల సేవ గురించి వచ్చే వార్తలు ఏ రాష్ట్రంలోనైనా ఒకే అచ్చులో ఉంటాయి. ఫలానా గ్రామంలో శిబిరం, ఇన్ని మొక్కలు, ఇంతమందికి వైద్య పరీక్షలు, ర్యాలీ, ముఖ్య అతిథి ప్రసంగం, బ్యానరు ముందు ఫొటో. ఇది ఆ పని చేసేవాళ్ళ తప్పు కాదు. వాళ్ళను అడుగుతున్న ప్రశ్నే అలాంటిది. 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. వలంటీరు ఏడాదికి 120 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. 2014 నవంబరులో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద ఒక్కో విద్యాసంస్థ కనీసం ఐదు గ్రామాలను ఎంచుకుని ఇంటింటి సర్వే చేయాలి. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ బృందానికి చూపే పత్రాల్లో ఐదేళ్ళలో ఎన్ని విస్తరణ కార్యక్రమాలు జరిపారో, ఎంతమంది విద్యార్థులు పాల్గొన్నారో అంకెల్లో రాయాలి. సర్వే ఊరి అవసరాలేమిటో చెబుతుంది, అవి తీరాయో లేదో చెప్పదు. మిగతా లెక్కలన్నీ వెళ్ళినవాళ్ళవే. అక్కడే ఉండిపోయే వాళ్ళ లెక్క వాటిలో కనబడదు. నేను చెప్పదలచిందల్లా ఇదే: సేవను ఎన్నిసార్లు వెళ్ళారన్న దానితో కాక, అదే ఇంటికి అదే పని మీద మళ్ళీ వెళ్ళారా అన్న దానితో కొలవాలి.

అంకె కోసం శిబిరం నడిపితే ఏమవుతుందో ఈ జిల్లా చాలా ఖరీదైన పాఠంగా నేర్చుకుంది. 2014 నవంబరు 8న బిలాస్‌పూర్ శివార్లలోని పెండారీలో, వాడకంలో లేని ఒక ఆస్పత్రి భవనంలో, ఒకే డాక్టరు కొన్ని గంటల్లో 83 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ రోజుల్లో జిల్లాలో జరిగిన ఈ శిబిరాలకు వచ్చినవాళ్ళలో పదిమందికి పైగా చనిపోయారు. లోపం మందులలోనా, శుభ్రతలోనా అన్న వాదన ఆ తర్వాత చాలాకాలం సాగింది. ఏది నిజమైనా, ఒక్క పూటలో అన్ని ఆపరేషన్లు చేయించింది లక్ష్యమే. అది ప్రభుత్వ శిబిరం, విశ్వవిద్యాలయానికి దానితో ఏ సంబంధమూ లేదు. అయినా ఆ ప్రస్తావన తెచ్చానంటే, శిబిరం అనే పద్ధతిలోనే ఒక ప్రమాదం ఉంది గనక. మొక్కల శిబిరంలో మొక్కలు ఎండిపోతాయి, నష్టం కంటికి కనబడదు. మనుషుల ఒంటి మీద పనిచేసే శిబిరంలో అదే నిర్లక్ష్యం ప్రాణం తీస్తుంది. వచ్చినవాళ్ళు సాయంత్రానికి వెళ్ళిపోతారు. రాత్రి జ్వరమొస్తే, కడుపులో నొప్పి లేస్తే ఎవరిని పిలవాలో ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఇందుకు పూర్తిగా భిన్నమైన పని కూడా ఇదే జిల్లాలో ఉంది. బిలాస్‌పూర్‌కు ఇరవై కిలోమీటర్ల దూరంలో గనియారీ. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదువుకున్న కొందరు డాక్టర్లు 1996లో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ పెట్టి, నీటిపారుదల శాఖ వదిలేసిన భవనాల్లో ఆస్పత్రి తెరిచి, అక్కడే ఉండిపోయారు. వాళ్ళ పనిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆస్పత్రి కన్నా మలేరియా రక్త పరీక్షకు వాళ్ళు కనిపెట్టిన దారి. అడవి పల్లెలో జ్వరమొచ్చిన మనిషి వేలి నుంచి రక్తపు చుక్క తీసి స్లైడు మీద పరిచేది ఆ ఊరి ఆరోగ్య కార్యకర్తే. స్లైడును సబ్బు పెట్టెలో పెట్టి బస్సు డ్రైవరు చేతికిస్తే గనియారీ చేరేది. అక్కడి ల్యాబ్‌లో చూసి ఫలితాన్ని తిరుగు బస్సులో పంపేవారు. ఇందులో కొత్త యంత్రమేమీ లేదు. ఉన్న బస్సు, ఉన్న డ్రైవరు, ఊళ్ళో ఉన్న మనిషి. రోజూ నడిచే బస్సుకు కట్టిన పని గనక రోజూ నడిచింది. ‘ఫుల్వారీ’ల కథా అంతే. తల్లులు కూలికో అడవికో వెళ్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ లోపు పిల్లలు ఆకలితో ఇంట్లో ఉండిపోతున్నారని వాళ్ళు గమనించారు.  ఆ పిల్లలకు తిండి పెట్టి చూసుకునే పని ఊరి ఆడవాళ్ళకే అప్పగించారు.

తెలుగు నేల మీద ఇంతకన్నా పెద్ద సాక్ష్యం ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం రాత్రిబడులు నడిపింది. లక్ష్యం అక్షరాలు నేర్పడమే. కానీ ఒకే ఊరి ఆడవాళ్ళు రోజూ రాత్రి ఒకచోట కూర్చుని మాట్లాడుకునేసరికి తమ బతుకుల్లో సారా ఏం చేస్తోందో అందరికీ ఒక్కసారి తెలిసింది. దూబగుంట మహిళలు సారాకు ఎదురు తిరిగారు. ఆ మంట జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించేదాకా వెళ్ళింది. ఏ కార్యాచరణ పత్రంలోనూ ముందు రాసుకోని ఫలితం అది. ఏడు రోజుల శిబిరం నుంచి అలాంటిది పుట్టదు. రోజూ కలిసే చోటు ఉంటేనే జనం తమ సమస్యకు తామే పేరు పెట్టగలుగుతారు.

విశ్వవిద్యాలయాల వాళ్ళు దీనికి చెప్పే జవాబులు తేలిగ్గా కొట్టిపారేయదగ్గవి కావు. విద్యార్థి రెండు మూడేళ్ళకు వెళ్ళిపోతాడు, డాక్టర్లలా ఊళ్ళో ఎలా ఉండిపోతాడన్నది మొదటిది. నిజమే. కానీ విభాగం వెళ్ళిపోదు, ప్రొఫెసరు పాతికేళ్ళు అక్కడే ఉంటారు, ఊరు ఎక్కడికీ పోదు. గనియారీలోనూ పని కొనసాగించింది డాక్టర్లు మాత్రమే కాదు, ఊరి కార్యకర్తలు కూడా. ఒక విభాగం ఒక ఊరితో పదేళ్ళు కట్టుబడి, ఏటా వెళ్ళే విద్యార్థులు వచ్చే ఏడాది వాళ్ళకు ఊరి రికార్డు అప్పగిస్తే విద్యార్థుల రాకపోకలు అడ్డంకి కావు. యూజీసీ సూచించిన సామాజిక బాధ్యత కోర్సు రెండు క్రెడిట్లు, 30 గంటలు. అందులో సగం క్షేత్రంలో గడపాలి. పదిహేను గంటలంటే ఒక్క విద్యార్థికి ఏమీ కాదు. ఒకరి వెనక ఒకరుగా వందమంది అదే ఊరికి అదే ప్రశ్నతో వెళ్తే అది మొత్తం 1,500 గంటలు. రెండో జవాబు, సేవ ప్రభుత్వం పని, విశ్వవిద్యాలయానిది చదువు అని. ఇది నేను పూర్తిగా ఒప్పుకునే మాట. అందుకే రోడ్లు ఊడవడం, గోడలకు సున్నం వేయడం చదువుకున్న సంస్థ చేయాల్సిన సేవ కాదంటాను. బోరునీటిలో ఏముందో ఏడాది పొడవునా పరీక్షించి పంచాయతీకి చెప్పడం, ఇప్పపువ్వు, తునికాకు ధర కూలీకి ఎంత చేరుతోందో లెక్కగట్టడం లాంటివి విశ్వవిద్యాలయం చేయగలదు. మూడో జవాబు, శిబిరం వల్ల నేర్చుకునేది విద్యార్థే కదా, అదీ లాభమే కదా అని. లాభమే. పట్నం పిల్లలు ఏడు రోజులు పల్లెలో పడుకుంటే వాళ్ళ చూపు మారుతుంది. అప్పుడు దాన్ని విద్యార్థి శిక్షణ అనే పిలవాలి. ఊరికి చేసిన సేవగా నివేదికలో రాయకూడదు.

సికిల్ సెల్ జబ్బు చూస్తే తేడా బాగా అర్థమవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఇది విస్తారంగా ఉంది. మన అల్లూరి జిల్లా గిరిజన గూడేలకూ ఇది కొత్త జబ్బు కాదు. 2023 జులై 1న కేంద్రం మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. 2047 దాకా గడువు పెట్టుకుంది. రక్త పరీక్షలు చేయడం, కార్డులు పంచడం శిబిరాలకు సరిగ్గా సరిపోయే పని, అంకెలు వేగంగా పెరుగుతాయి. కానీ కార్డు అందుకున్న పిల్ల హైడ్రాక్సీయూరియా మాత్ర రోజూ వేసుకుంటోందా, నొప్పి వచ్చిన రాత్రి ఏ ఆస్పత్రికి వెళ్ళింది, పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు ఆ కార్డును అత్తింటివాళ్ళు నేరంలా చూస్తున్నారా అన్నవి మళ్ళీ వెళ్తే తప్ప తెలియవు. మందు సంగతి తెలిసిన ఫార్మసీ విద్యార్థి, కుటుంబాల మాట అర్థమయ్యే సోషల్ వర్క్ విద్యార్థి నెలకోసారి అదే గడప తొక్కితే అది కోనీకి తగిన పని.

ఇక రైల్వే కాలనీలు. సేవ అనగానే విశ్వవిద్యాలయాల చూపు అడవి పల్లెల మీదికి పోతుంది. పక్కనున్న బస్తీలు ఆ లెక్కలోకి రావు. బిలాస్‌పూర్‌లో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు హిందీ, వీధిలో పలుకు ఛత్తీస్‌గఢీ. గ్యాంగ్‌మెన్లుగా, ఫైర్‌మెన్లుగా, యార్డు పనివాళ్ళుగా చేసి రిటైరైన వాళ్ళ జ్ఞాపకాల్లో బొగ్గు ఇంజన్ల కాలపు శ్రమ చరిత్ర ఉంది. అది ఏ రైల్వే ఫైల్లోనూ పూర్తిగా లేదు. ఆ తరం మన కళ్ళ ముందే వెళ్ళిపోతోంది. దాన్ని రికార్డు చేయడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. చరిత్ర, మానవశాస్త్రం చదివే పిల్లలు, తెలుగు వచ్చిన ఒకరిద్దరు, ఓపిక చాలు. ఇది విశ్వవిద్యాలయం వాళ్ళకు చేసే ఉపకారం కూడా కాదు. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది విశ్వవిద్యాలయమే.

ఇదంతా బిలాస్‌పూర్ గురించి రాసినా, మన విశాఖ, తిరుపతి, వరంగల్, అనంతపురం విశ్వవిద్యాలయాలూ ఇవే ఎన్‌ఎస్‌ఎస్ నిబంధనలతో, ఇవే న్యాక్ పత్రాలతో ఊళ్ళకు వెళ్తున్నాయి. మీ అబ్బాయో అమ్మాయో శిబిరం నుంచి తిరిగొచ్చినప్పుడు ఎన్ని మొక్కలు నాటారని అడక్కండి. పోయినేడు కూడా ఆ ఊరికే వెళ్ళారా, వచ్చే నెల ఎవరు వెళ్తున్నారని అడగండి. మీ ఊళ్ళో పనిచేస్తున్న విద్యాసంస్థ ఏదైనా ఉంటే, గ్రామసభలో దాని నివేదికను చదివించండి. ఆ నివేదిక మీద ఊరివాళ్ళు సంతకం పెట్టాకే అది న్యాక్ ముందుకు వెళ్ళాలని పట్టుబట్టండి.