అరగంట
మా నాయిన షోలాపూర్ పూర్వభాగంలో సాంచాల మీద టవల్లు నేసేవాడు. కూలి నేసిన లెక్కకే; సాంచా ఆగితే కూలి ఆగినట్టే. అందుకని ఒక చేత జొన్నరొట్టె పట్టుకుని, కన్ను దారం మీదే పెట్టి తినేవాడు. అమ్మ కట్టిచ్చిన పల్లీల చట్నీ సగం డబ్బాలోనే తిరిగొచ్చేది.

నేను నాలుగక్షరాలు నేర్చి ఒక టవల్ కార్ఖానా ఆఫీసులో హెడ్‌క్లర్కునయ్యాను. ఒకరోజు శేటు పిలిచి, "ఆఫీసోళ్లకు తిండికి ఎంత టైమియ్యాలో నువ్వే రాసియ్యి" అన్నాడు. ఆయన మెప్పు కోసం ఇరవై నిమిషాలని రాశాను. దాచడమెందుకు, చెయ్యి కూడా వణకలేదు.

మర్నాడు బిల్లులు రాసే చెల్లె వచ్చింది. "అన్నా, పాపకు పాలిచ్చి రావాల. పోను రానే పదిహేను నిమిషాలు. ఎట్లా?"

నాయిన డబ్బా యాదికొచ్చింది.

చట్టం చదివించుకున్నాను. వరుసగా ఐదు గంటలకు మించి పని చేయించాలంటే నడుమ కనీసం అరగంట సుట్టి ఇయ్యాలని అప్పట్లో ఉండేది. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని ఆ మాటే 2017 మహారాష్ట్ర దుకాణాల చట్టంలోనూ ఉండేది. నేను రాసింది దానికీ తక్కువ! కాగితం చింపి ముప్పావుగంట రాశాను, రెండు చాయ్‌లు వేరే. సాయంత్రం పావుగంట ఎక్కువ కూర్చోవాలని గొణిగి, శేటు సంతకం పెట్టాడు. చెల్లె సరేనంది.

కింద సాంచాల మీదోళ్లు ఇప్పటికీ ఒక చేత్తోనే తింటున్నారు. ఆ మాట శేటుతో ఇంకా అనలేదు.